అడవినాభి

అడవినాభి పువ్వును ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. రేకులు కింద పసుపు, పైన ఎరుపు, అంచులు అలలుగా వంకర్లు తిరిగి వెనక్కి మడిచి ఉంటాయి. అగ్నిశిఖ అనే పేరు ఊరికే రాలేదు. ఆకు కొననే కొక్కెంలా మెలితిప్పుకుని పక్కనున్న కంపల మీదికి పాకుతుంది. వానలు పడ్డాక వికారాబాద్ దాటి అనంతగిరి గుట్టల్లోకి వెళితే నాకు చాలాసార్లు కనపడింది. ఫోటోల కోసం తెంపేవాళ్ళను చేతులు కడుక్కోమంటే వింతగా చూస్తారు.

దీనిలోని విషం పేరు కాల్చిసిన్. నల్లసముద్రం తూర్పు ఒడ్డున, ఇప్పటి జార్జియాలో ఉండిన కొల్కిస్ రాజ్యం నుంచి వచ్చిన పేరది. మధ్యధరా ప్రాంతంలోనూ, యూరప్ పచ్చికల్లోనూ పూసే కోల్చికమ్ మొక్కల్ని గౌట్ నొప్పికి ఎప్పట్నుంచో వాడేవారు. 1820లో పెల్తియే, కావంతూ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు వాటినుంచి దీన్ని వేరు చేశారు. మన అడవినాభిదీ అదే కుటుంబం.

తాండూరులో ఉండే మా పెద్దనాయనకు బొటనవేలు వాచినప్పుడు డాక్టరు రాసింది ఈ మందే, అర మిల్లీగ్రాము మాత్ర. సంగతి చెప్పగానే, "గుట్ట మీద ఉట్టిగనే దొరుకుతది గదరా, మాత్రలు కొనుడెందుకు?" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి! ఏ గడ్డలో ఎంత విషముందో చూసి చెప్పలేం. ఇది కణాలు విడిపోవడాన్నే ఆపేస్తుంది. ముందు వాంతులు, విరేచనాలు, తర్వాత మూలుగ దెబ్బతింటుంది. కందగడ్డ అనుకుని తిని చచ్చిపోయినవాళ్ళున్నారు. ఇదంతా అరగంట చెప్పాను. ఆయన్ని ఆపింది మాత్రం పెద్దమ్మ.

ఆమెకు ఈ గడ్డ తెలుసు. నాగలిలా చీలి ఉంటుంది, సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే. గర్భఘాతిని అని ఇంకో పేరు కూడా ఉంది. కాన్పు కష్టమైతే నూరి బొడ్డు కింద, అరికాళ్ళకు పట్టించి, బిడ్డ బయటపడగానే కడిగేసేవారట.

"కడుగుడు మర్చిపోతే?" అని అడిగాను.

"గందుకే మంత్రసాని నీళ్ళ చెంబు పట్టుకోని పక్కనే కూసుంటుండె," అన్నది.