చక్రాలు లేని విమానానికి నేను తొడిగిన చక్రాలు

ఆదివారం అనుబంధాలకు కథనాలు రాసే రోజుల్లో నాకో దురలవాటు ఉండేది. ముందు ఒక మంచి వాక్యం దొరికేది. దానికి సరిపడా సంగతులు తర్వాత వెతుక్కునేవాణ్ని. నార్వే పాత విమానాల గురించి రాయాలని కూర్చున్నప్పుడు దొరికిన వాక్యం ఇది: ‘చదును నేల కరువైన దేశం నీటి మీదా నేల మీదా దిగే విమానాన్ని సాకింది.’ పైకి చదువుకుని మురిసిపోయాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలా మురిసిపోయే ఉంటారు.

ఆ వాక్యం దొరికాక ఇక పని నల్లేరు మీద నడకే. నార్వే నిండా కొండలు, వాటి మధ్య లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు. ట్రోమ్సో లాంటి ఊరికే 1964 దాకా సొంత విమానాశ్రయం లేదు. కాబట్టి నీళ్ల మీద తేలుతున్న విమానం ఫోటో ఎక్కడ కనబడ్డా దాన్ని ఉభయచరాల జాబితాలో పడేశాను. చక్రాలు కనబడకపోతే లోపలికి ముడుచుకుని ఉంటాయిలే అనుకున్నాను.

అందులో నాకు బాగా నచ్చిన ఘట్టం బెర్ట్రాండ్ రస్సెల్‌ది. మన హేతువాదులు నెత్తిన పెట్టుకునే రస్సెలే. 1948 అక్టోబర్ 2న ఆయన ఓస్లో నుంచి ట్రోండ్‌హైమ్‌కి ఉపన్యాసం ఇవ్వడానికి బయల్దేరాడు. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. ఎక్కింది ‘బుక్కెన్ బ్రూసె’ అనే షార్ట్ సాండ్రింగ్‌హామ్ విమానం. హొమ్మెల్విక్ దగ్గర అలలు లేచిన సముద్రం మీద దిగుతుండగా గాలి విసురుకి అది అదుపు తప్పి, ముందు భాగం పగిలి నీళ్లొచ్చేశాయి. 43 మందిలో 19 మంది పోయారు. రస్సెల్ పొగ తాగేవాళ్ల కోసం వెనక కేటాయించిన భాగంలో కూర్చున్నాడు గనక బయటపడి, చలి నీళ్లలో ఈదుకుంటూ పడవ చేరుకున్నాడు. పైపు ఆయన ప్రాణం కాపాడిందని లోకమంతా చెప్పుకుంది, నేనూ చెప్పాను. అక్కడితో ఆపినా బాగుండేది. మ్యాప్ చూస్తే హొమ్మెల్విక్ పక్కనే వర్నెస్ విమానాశ్రయం ఉంది. ఇంకేం, కలం ఝళిపించాను: ‘చక్రాలు దించి వర్నెస్ రన్‌వే మీద వాలి ఉంటే ఆ 19 ప్రాణాలూ నిలిచేవి. పైలట్ పంతానికి పోయాడు.’

పేజీ పెడుతున్న డీటీపీ కుర్రాడు ఫోటో పెద్దది చేసి చూస్తూ, “సార్, దీనికి చక్రాలు కనబడట్లేదేంటి?” అన్నాడు. “లోపలికి మడిచేస్తార్రా, నీళ్లలో దిగేటప్పుడు బయట పెట్టుకుంటే తడిసిపోవూ?” అన్నాను. అతనికి నా జవాబు అంతగా ఎక్కలేదు. కానీ నేను సార్‌ని, అతను కుర్రాడు. పేజీ వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు ట్రోండ్‌హైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మా మేనల్లుడు రమ్మన్నాడు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వెళ్లే రైలు హొమ్మెల్విక్ మీదుగానే పోతుంది. కిటికీలోంచి నీళ్లు చూపించి కథంతా చెప్పాను, పైలట్ పంతంతో సహా. వాడు నోరెళ్లబెట్టి విన్నాడు. ఇక వాడికి నేను విమానాల్లో పండితుణ్ని. ఉత్తరాన బోడోలో పెద్ద విమాన మ్యూజియం ఉందని, మామయ్యకి చూపించాలని అక్కడికీ లాక్కెళ్లాడు.

అక్కడ కాటలీనా ఉంది. రెండు ఇంజన్లు, పైన గొడుగు పట్టినట్టు పొడవాటి రెక్క, కింద పడవ ఒళ్లు. నార్వే వైమానిక దళం యుద్ధకాలం నుంచి 1961 దాకా ఈ రకాన్ని నడిపింది. దాని దగ్గర నిలబడి ఉన్న పెద్దాయన మెకానిక్‌గా రిటైరైన మనిషి. మావాడు ఊరుకోలేక, మా మామయ్య వీటి మీద పత్రికలో రాశాడని ఫోన్‌లో నా వ్యాసం తీసి చూపించాడు. తెలుగు ఆయనకి రాదు గనక బతికిపోతాననుకున్నాను. కానీ హొమ్మెల్విక్ గురించి నేను రాసింది మావాడు ఇంగ్లిష్‌లో చెప్పేశాడు.

పెద్దాయన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కాటలీనా పక్కకి తీసుకెళ్లాడు. ఒంటికి పక్కగా చక్రం పట్టేంత గుండ్రటి గుంట ఉంది. చక్రం పైకి లేచాక అందులోనే పడుకుంటుంది, దాని ముఖం బయటికే కనబడుతుంది. ముక్కు కింద చక్రానికి వేరే తలుపులు. గుంట అంచు చేత్తో తడిమి చూడమన్నాడు. రేకు చల్లగా, రివెట్లు గరుకుగా తగిలాయి. “ఇప్పుడు నీ ఫోటోలో ఇది ఎక్కడుందో చూపించు” అన్నాడు.

ఫోన్‌లో బుక్కెన్ బ్రూసెని పెద్దది చేశాను. పక్కలు నున్నగా ఉన్నాయి. ముక్కు కింద తలుపుల గీత లేదు. అటు జరిపాను, ఇటు జరిపాను. ముడుచుకోవడానికి అక్కడ చోటే లేదు. ఆ ఫోటోని నేనే ఎంచుకున్నాను, నేనే కింద వ్యాఖ్య రాశాను, పేజీలో నాలుగు కాలాల వెడల్పున వేయించాను. అయినా దాన్ని చూడలేదు. పక్కన మేనల్లుడు నా ముఖం చూడకుండా కాటలీనా రెక్క చివర్లు చూస్తూ నిలబడ్డాడు. అంత మర్యాదస్థుడని నాకు అప్పటిదాకా తెలియదు.

పెద్దాయన విడమరిచి చెప్పాడు. సాండ్రింగ్‌హామ్‌కి సొంత చక్రాలుండవు. నీళ్లలోంచి బయటికి తీయాలంటే చక్రాల బండిని దాని దగ్గరికి తీసుకెళ్లి, పక్కల తగిలించి, వాలుగా కట్టిన గట్టు మీదికి లాగుతారు. మళ్లీ నీళ్లలోకి దింపాక ఊడదీస్తారు. అంటే వర్నెస్ రన్‌వే పక్కనే ఉన్నా ఆ పైలట్‌కి ఉన్నది నీళ్లు మాత్రమే. అసలు ఆ తీరంలో నీటికి కొదవేముంది, రోజూ నీళ్ల మీదే దిగే విమానం చక్రాల బరువు ఎందుకు మోయాలి? కాటలీనాలోనే చక్రాలు లేని రకం ఉంది. చక్రాలు పెట్టాక బరువు పెరిగి, ఆ మేరకు ఎగరగలిగే దూరం తగ్గింది. పైగా చక్రాలున్నవాడికి ఇంకో గండం ఉంది. అవి దింపి ఉన్న సంగతి మరిచిపోయి నీళ్ల మీద దిగితే, చక్రాలు నీటిని పట్టేసి విమానం బోర్లా పడుతుంది.

ఆ రాత్రి గదిలో వ్యాసం మొత్తం మళ్లీ చదివాను. 1925లో అముండ్‌సెన్ ధ్రువానికి బయల్దేరిన డోర్నియర్ వాల్ విమానాలు మంచు మీద ‘చక్రాలతో’ దిగాయని రాశాను. వాటికీ చక్రాల్లేవు. 87 డిగ్రీల 44 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర చిక్కుకున్న ఆరుగురు మూడు వారాలకు పైగా మంచు చదును చేసి, ఒకే విమానాన్ని దాని పొట్ట మీదే జారించి గాల్లోకి లేపారు. నా చక్రాలు వాళ్ల చాకిరీనే కొట్టేశాయి.

అన్నిటికన్నా నన్ను కుదిపింది తోర్ సోల్‌బెర్గ్ పేరా. 1932లో ఆయన మామూలు నేల విమానంలో అమెరికా నుంచి నార్వేకి బయల్దేరి న్యూఫౌండ్‌లాండ్‌లో కూలాడు. 1935 జూలై 18న న్యూయార్క్‌లో మళ్లీ లేచి, ఆగస్టు 16న బెర్గెన్ చేరాడు. ఈసారి ఎక్కింది లోనింగ్ విమానం, ప్రొపెల్లర్ కిందుగా ముందుకు పొడుచుకొచ్చిన పడవ ఒళ్లు, పక్కల పైకి లేచే చక్రాలు. లిండ్‌బర్గ్ ముప్పయి మూడు గంటల్లో దాటిన సముద్రానికి ఈయనకి నెల పట్టిందని నేను ఎగతాళి చేశాను. నిజానికి ఆయన దారిలోనే చక్రాలకి పనుంది. న్యూయార్క్‌లో రన్‌వే, గ్రీన్‌లాండ్‌లో అదే లేదు. నా వ్యాసం మొత్తంలో అసలైన ఉభయచరం, కాటలీనా తర్వాత, ఇదొక్కటే. దాన్నే వెక్కిరించి, లేని చక్రాలున్న విమానాల్ని పొగిడాను.

తిరిగొచ్చాక ఎడిటర్‌కి ఫోన్ చేశాను. “పాఠకులెవరూ అడగలేదు కదండీ, ఇప్పుడెందుకు?” అన్నాడు. బతిమాలితే ఒప్పుకున్నాడు. సవరణ నేనే టైప్ చేసి పంపాను. రాశిఫలాల కింద నాలుగు లైన్లలో వచ్చింది. పైలట్ తప్పేం లేదని సరిగ్గానే వచ్చింది. కానీ సోల్‌బెర్గ్ న్యూఫౌండ్‌లాండ్‌లో కూలిన సంవత్సరం 1923 అని పడింది. పంపిన కాపీ తీసి చూశాను. అందులోనూ 1923 అనే ఉంది.