చదవని పుస్తకం చేతిలో పెట్టాను

శాఖా గ్రంథాలయాల్లో కథల పుస్తకాలు ఎక్కువగా బీరువాల్లోనే ఉంటాయి. తాళంచెవి మాలాంటి లైబ్రేరియన్ల దగ్గర ఉంటుంది. వచ్చినవాళ్లకు అద్దంలోంచి పేర్లు కనిపిస్తాయి గానీ పేజీ తిప్పి చూసుకునే వీలుండదు. అందుకే బల్ల ముందు నిలబడి, "ఏదైనా మంచిది మీరే చూసి ఇయ్యండి మేడం" అంటారు. తీరిక దొరకడమే కష్టమైన మనుషులు ఆ కాస్త తీరికనూ మమ్మల్ని నమ్మి అప్పజెబుతారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల గ్రంథాలయాల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను నేను. ఆ నమ్మకానికి నేను చేసిన అన్యాయం గురించి రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

పుస్తకాల సంగతి తెలియక చేసింది కాదు. తెలుగు నవలకు డ్యూయీ వర్గీకరణలో 894.8273 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలను సర్టిఫికెట్ కోర్సు పరీక్షలో తప్పు లేకుండా రాశాను. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం ఉంటుందంటుంది రెండో సూత్రం. ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఉంటాడంటుంది మూడోది. ఆ ఇద్దరినీ కలపాల్సింది బల్ల వెనక కూర్చున్న నేనేనని, అందుకు ముందుగా ఆ పుస్తకం నేను చదివి ఉండాలని మాత్రం తట్టలేదు. యాక్సెషన్ నంబరు వేయడం, ఇష్యూ రిజిస్టర్ రాయడం, గడువు దాటితే జరిమానా తీసుకోవడం, ఇంతటితో నా పని అయిపోయిందనుకునేదాన్ని.

చంపాపేట వైపు నుంచి ఒకావిడ వచ్చేది. పిల్లల్ని బడికి పంపి, వంట ముగించుకుని మధ్యాహ్నం పూట వచ్చేది. డిపాజిట్ కట్టి కార్డు తీసుకున్న రోజునే అడిగింది: "మీకు బాగా నచ్చిన బుక్కు ఒకటి ఇయ్యండి మేడం." ఆ మాట వినగానే నా మనసులో మెదిలింది యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. నా నోటి నుంచి వచ్చింది మాత్రం విశ్వనాథ వారి 'వేయిపడగలు'.

ఎందుకలా అన్నానో అప్పుడే తెలుసు. గ్రంథాలయంలో కూర్చున్న మనిషి సీరియల్ నవల పేరు చెబితే చిన్నతనమనిపించింది. విశ్వనాథ వారు 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారని, పీవీ నరసింహారావు గారు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారని ఆమెకు వివరంగా చెప్పాను. ఆ పుస్తకాన్ని నేను మొదట్లోనే వదిలేశానని మాత్రం చెప్పలేదు.

గడువు దాటాక తెచ్చి ఇచ్చింది. అడగకముందే జరిమానా లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. "నాకంత చదువు లేదు మేడం. అర్థం కాలే" అంది తలొంచుకుని. నాకూ అర్థం కాలేదమ్మా, నేనూ పూర్తి చేయలేదు అని ఒక్క మాట అని ఉంటే ఆమె ఆ రోజే ఇంకో పుస్తకం తీసుకుని వెళ్లేది. నేను రసీదు రాసిచ్చాను. తర్వాత కొన్నాళ్లకు డిపాజిట్ కూడా వెనక్కి తీసుకుంది. చదువుకోవాలని ఇల్లు దాటి వచ్చిన మనిషిని, చదువు తనవల్ల కాదని నమ్మించి పంపాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటిలోకీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నిజానికి పుస్తకం మనిషిని ఎలా పట్టుకుంటుందో చిన్నప్పుడే చూశాను. మా అమ్మకు చదువు రాదు. మలక్‌పేటలో అద్దెకు పుస్తకాలిచ్చే కొట్టు నుంచి నవలలు తెచ్చి నేను పైకి చదివేదాన్ని, ఆమె బియ్యం ఏరుకుంటూ వినేది. 'సెక్రటరీ'లో జయంతి, రాజశేఖరం మాట్లాడుకునే చోట నేను ఆపితే ఊరుకునేది కాదు. ఆ అమ్మాయి తన జీతం తాను సంపాదించుకుంటూ ఎవరికీ తలవంచదు చూడు, అదీ నాకు నచ్చింది, అనేది. ఒక నవల గురించి అంత సూటిగా మాట్లాడిన మాట తర్వాత నేను చదివిన విమర్శల్లోనూ ఎక్కువగా దొరకలేదు. అలాంటి అమ్మ దగ్గర పెరిగి, ఆమెకు ఇష్టమైన పుస్తకాన్ని బీరువాలో దాచాను.

మన గ్రంథాలయాలు ఇలాంటి ముసుగుతో పుట్టలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిన నాటి నుంచీ పుస్తకాన్ని జనం దగ్గరికి చేర్చినవాళ్లు దాన్ని ప్రేమించినవాళ్లే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పి, ఒడ్డున ఉన్న పల్లెలకు అందించారు. మన నల్గొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి ఇంకా దగ్గరి మనిషి. వంటపని చేసుకుంటూ చదువు నేర్చారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం మోసుకుని గడప ముందు నిలబడినవాడు, ఆ పుస్తకంలో ఏముందో చెప్పకుండా అమ్మగలడా? తాను చదవనిది ఎదుటివాళ్ల చేత చదివించగలడా? నేను ఆయన జయంతికి ఫొటోకు దండ వేశాను. ఆయన చేసిన పని మాత్రం చేయలేదు.

ఇంకో తప్పు ఇటీవలిదే. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు పొద్దున్నే వచ్చి రీడింగ్ హాల్లో కుర్చీ పట్టుకుంటారు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, మా బీరువాల వైపు చూడరు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో ఒకసారి రాసి, అది రద్దయి, 2023 జూన్‌లో మళ్లీ రాసి, అదీ రద్దయిన రోజులవి. ఒక అబ్బాయి బల్ల దగ్గరికొచ్చి, "మేడం, ఏదన్న ఒక కథల పుస్తకం ఇయ్యరా, దిమాగ్ పనిచేస్తలేదు" అన్నాడు. "ఇప్పుడు కథలేంటి నాన్నా, పరీక్ష అయ్యాక చదువుకో" అన్నాను. తల్లిలా చెప్పాననుకున్నాను. పరీక్ష ఎప్పుడవుతుందో ఆ రోజు రాష్ట్రంలో ఎవరికీ తెలియదు. అతను సరే మేడం అని పోయి తన కుర్చీలో కూర్చున్నాడు, చాలాసేపు పుస్తకం తెరవలేదు. నామిని 'మిట్టూరోడి కథలు' నా వెనక బీరువాలోనే ఉంది. కష్టకాలంలో నన్ను నవ్వించి ఊపిరి తీసుకోనిచ్చిన పుస్తకమది. చెయ్యి చాపితే అందేది.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా తీసుకోవాలని 1960 చట్టంలో ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రులూ, చంపాపేట ఆవిడా కట్టిన పన్నులతోనే ఆ బీరువా, ఆ పుస్తకం, నా జీతం. మంచి పుస్తకం చెప్పమని అడగడం వాళ్ల హక్కు. నేను దయ చేసే మనిషిలా కూర్చున్నాను.

రిటైరయ్యాక నాదర్‌గుల్‌లో ఉంటున్నాం. ఎంవీఎస్ఆర్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చేనాటికి ఇదంతా పొలాలు, చెలకలు. ఇప్పుడు ఎటు చూసినా వెంచర్లు, ప్లాట్ల హద్దురాళ్లు. మా కాలనీ సంఘం గదిలో కొంతమందిమి కలిసి ఇంట్లో ఉన్న పుస్తకాలు తెచ్చి అరల్లో పెట్టాం. బీరువాలు వద్దని, తాళం వద్దని నేనే పట్టుబట్టాను. చదవని పుస్తకం చదివినట్టు చెప్పకూడదని కూడా అప్పుడే అనుకున్నాను. అంతటితో సరిదిద్దుకున్నాననుకుంటే, అక్కడా ఇంకో రకంగా పొరపాటు చేశాను.

ప్లాట్లు అమ్మిపెట్టే ఒకతను గదికి వచ్చేవాడు. తాతల నాటి నుంచీ నాదర్‌గుల్ వాళ్లే. అతనికి 'వనవాసి' ఇచ్చాను. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక్' అది, సూరంపూడి సీతారాం తెలుగు చేశారు. జమీందారు ఎస్టేటుకు మేనేజరుగా వెళ్లిన సత్యచరణ్ అడవిని ప్రేమిస్తూనే, తన చేతులతోనే దాన్ని ముక్కలు చేసి సాగుకు పంచుతాడు. నేను ఎన్నోసార్లు చదువుకున్న పుస్తకం, నచ్చిందని చెప్పడంలో అబద్ధం లేదు. కానీ అతని చేతిలో పెట్టేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ ఇష్టం కాదు. చూడు, నువ్వు చేస్తున్నదేంటో, అని చెప్పాలనుకున్నాను.

పుస్తకం సగంలోనే తిరిగొచ్చింది. "అక్కా, ఇది నన్ను అననీకెనే ఇచ్చినవ్ గద" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అవునని ఒప్పుకున్నాను. అప్పుడు కూర్చుని చెప్పాడు: మా బాపు కూరగాయలు పండించిండు, బోర్లు ఎండినయి, చెల్లె పెండ్లికి సగం, దవాఖానకు సగం పోయింది, ఉన్నది అమ్ముకున్నోళ్లం మేమే, నేను అమ్మిపెట్టేది కూడా అట్లాంటోళ్లదే. సత్యచరణ్ బాధ నాకన్నా అతనికే బాగా తెలుసు. నేను నిజంగా ఆ పుస్తకాన్ని ఇష్టపడింది యుగళప్రసాద్ అనే పాత్ర వల్ల. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ విత్తనాలూ తెచ్చి, ఏ లాభమూ చూసుకోకుండా అడవిలో నాటుతూ పోతాడు. అతని గురించి చెప్పి ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో. 'వనవాసి'ని అతను మళ్లీ ముట్టుకోలేదు. నవ్వుకునేది ఏమన్నా ఉంటే ఇయ్యమన్నాడు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం' ఇచ్చాను. మొగల్తూరు నుంచి బయల్దేరిన ఆ కుర్రాడి ప్రయాణాన్ని వారంలో ముగించి, మొదటి భాగమేనా, ఇంకా ఉన్నదా అని అడిగాడు.

ఇప్పుడు మా గదిలో ఒక పద్ధతి ఉంది. పుస్తకం చదివి ఇష్టపడ్డవాళ్లు ఒక చీటీ రాసి అట్ట లోపల అతికిస్తారు. కింద పేరు ఉండాలి. గొప్ప పుస్తకం, తప్పక చదవండి అని రాస్తే నేను తీసుకోను. ఎక్కడ నచ్చింది, ఎక్కడ నడక నిదానం, ఎవరికి నచ్చకపోవచ్చు, అది రాయమంటాను. దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' మీద ఒక రిటైర్డ్ టీచరు, మా నాయనమ్మ మాట్లాడిన మాట మళ్లీ విన్నాను, దొరల దౌర్జన్యం చదవలేక రెండుసార్లు మూసిపెట్టాను అని రాశారు. ఆ చీటీ చూసి తీసుకెళ్లినవాళ్లు చాలామంది. 'వేయిపడగలు' ఈ మధ్యే పూర్తి చేశాను. నా చీటీలో అందులోని పసిరిక అనే పాత్ర గురించి రాశాను, మొదట్లో నేను వదిలేసిన సంగతీ రాశాను.

సియాటిల్‌లో గ్రంథాలయ ఉద్యోగిగా పనిచేసిన నాన్సీ పెర్ల్ చెప్పిన లెక్క ఒకటి గోడకు అంటించాం. ఏ పుస్తకమైనా 50 పేజీలు చదివి, పట్టుకోకపోతే వదిలేయొచ్చు. వయసు 50 దాటినవాళ్లు 100లోంచి తమ వయసు తీసేస్తే ఎంత మిగిలితే అన్ని పేజీలు చాలు. చదవలేకపోయామని తలొంచుకుని వచ్చేవాళ్లకు ఆ కాగితం చూపిస్తాను.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి 'వనవాసి' ఇచ్చాను, ఈసారి పూలమొక్కల మనిషి గురించి చెప్పి. "ఏం జరగట్లేదు ఆంటీ ఇందులో" అని తెచ్చిచ్చింది. అదే చీటీ మీద రాయమంటే భయపడింది. రాయించాను. నా చీటీ పక్కనే అతికించి ఉంది. మరి నీకు ఏది నచ్చిందో చెప్పు అంటే బ్యాగులోంచి పెర్సీ జాక్సన్ మొదటి భాగం తీసి, గ్రీకు దేవుళ్ల కథలు ఇప్పటి పిల్లల మధ్య ఎలా జరుగుతాయో ఆపకుండా చెప్పింది. అంత చక్కగా ఒక పుస్తకాన్ని నేను ఎవరికీ పరిచయం చేయలేదు. ఇంటికి తెచ్చుకున్నాను. నాకు అరవై రెండేళ్లు, లెక్క ప్రకారం ముప్ఫై ఎనిమిది పేజీలు చాలు. అవి నిన్నే దాటాయి, ఇంకా చదువుతున్నాను.