పద్దెనిమిది లక్షల్లో ముప్ఫైమూడు వేలు

తిరుత్తణి చుట్టుపక్కల మన తెలుగిళ్లలో ఉద్యోగం వచ్చినవాణ్ని జీతం ఎంతని అడగరు. "చేతికెంతొస్తాది నాయనా?" అని అడుగుతారు. అడిగేది ఎనభై దాటిన అవ్వ అయితే జవాబు చెప్పేదాకా వదలదు కూడా. దానికి కారణం ఉంది. నెలకొకసారి డబ్బు చూసే అలవాటు ఈ ప్రాంతంలో అందరికీ లేదు. పొదటూరుపేట మగ్గాల దగ్గర కూలి వారానికి. పూలు కోసి మార్కెట్టుకు వేసేవాళ్లకు ఏ పూటకాపూట. చెరకు పెట్టి తిరువాలంగాడు సహకార మిల్లుకు తోలేవాళ్లకు ఏడాదికొక పంట, ఒక లెక్క. చేతికి రాని డబ్బును ఆదాయంలో కలుపుకునే తెలివి వీళ్లెవరికీ లేదు. ఆ తెలివి సీటీసీ కనిపెట్టినవాళ్లది.

మా మేనల్లుడు తిరువళ్లూరులో ఇల్లు కొనుక్కుని, లోకల్ రైల్లో అంబత్తూరుకు పోయి పనిచేసి వస్తుంటాడు. ఈ మధ్య కంపెనీ మారాడు. కొత్త ఆఫర్ లెటర్లో పద్దెనిమిది లక్షలని ఉంది. మా అమ్మ, అంటే వాడి అవ్వ, మామూలు ప్రశ్నే వేసింది. వాడు పద్దెనిమిది లక్షల్ని పన్నెండుతో భాగించి, "లక్షా యాభై వేలవ్వా" అన్నాడు. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. భాగహారంలో తప్పు లేదు గానీ భాగించిన అంకె మీదే నాకు అనుమానం. "ఆ కాగితం ఇలా ఇయ్యరా" అన్నాను.

సీటీసీ అంటే కంపెనీకి వీడి మీద అయ్యే ఖర్చు. వీడికి వచ్చే డబ్బు కాదు. కాగితం చివర చిన్న అక్షరాల పట్టీ చూస్తే బేసిక్ సగం, అంటే ఏడాదికి తొమ్మిది లక్షలు. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక వేతనం కింద చూపే భాగం మొత్తంలో సగానికి తగ్గకూడదు కాబట్టి, మునుపు బేసిక్‌ను మూడో వంతుకు కుదించిన కంపెనీలు కూడా ఇప్పుడు ఈ లెక్కకు వస్తున్నాయి. ఆ తొమ్మిది లక్షల మీద కంపెనీ కట్టే పీఎఫ్ పన్నెండు శాతం, 1,08,000. అదీ పద్దెనిమిది లక్షల్లోదే. గ్రాట్యుటీ పేరుతో 43,290. అది మామూలుగా అయిదేళ్లు నిలిస్తే గానీ రాదు, అయినా ఇప్పుడే జీతంలో కలిపి చూపిస్తారు. వేరియబుల్ పే 1,80,000. వాడి పని, కంపెనీ లాభం, పైవాళ్ల మనసు మూడూ కలిసొస్తే ఏడాది చివర వస్తుంది. ఇవి తీసేస్తే మిగిలింది 14,68,710. నెలకు 1,22,392.

ఇక కోతలు మొదలు. వాడి వాటా పీఎఫ్ నెలకు తొమ్మిది వేలు. తర్వాత ఆదాయపు పన్ను. వాడు ధీమాగా, "ఇంటి లోన్ వడ్డీ ఉండాది కదా మామా, పన్ను కలిసొస్తాది" అన్నాడు. ఇల్లు అమ్మినవాడు చెప్పిన మాట అది. కొత్త పన్ను విధానంలో మనం కాపురముండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. సరే, రెండు విధాలా వేసి చూద్దామని కూర్చున్నాం. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ యాభై వేలు, పీఎఫ్ వగైరా లక్షన్నర, ఇంటి వడ్డీ రెండు లక్షలు అన్నీ తీసినా పన్ను 1,33,000 దాటింది. కొత్త విధానంలో, 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం, 75,000 డిడక్షన్ ఒక్కటే పోయినా 89,056. వడ్డీ కట్టేవాడికి కూడా కొత్తదే లాభం. సెస్సు నాలుగు శాతం కలిపితే 92,600 పైచిలుకు, నెలకు 7,718. అన్నీ పోగా బ్యాంకులో పడేది 1,05,674. లక్షా యాభై వేలన్న నోటితోనే వాడు అవ్వకు లక్షా అయిదని చెప్పాల్సి వచ్చింది. ఆవిడకేం ఆశ్చర్యం కలగలేదు. "అది గదా జీతం" అంది.

వృత్తి పన్ను సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందులో మా ఊళ్ల చరిత్ర ఇమిడి ఉంది. 1960 ఏప్రిల్ 1న, ఆంధ్ర, మద్రాసుల సరిహద్దు తగాదా మీద పటాస్కర్ ఇచ్చిన సిఫారసుల ప్రకారం సరిహద్దు మారి, తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. నగరి, పుత్తూరు అవతలే ఉండిపోయాయి. పెళ్లి సంబంధాలు మాత్రం ఏ కమిషనూ విడదీయలేదు. అందుకని మా ఇళ్లలో ఒక అల్లుడు ఆంధ్రలో పే స్లిప్ తెచ్చుకుంటే ఒకడు తమిళనాడులో తెచ్చుకుంటాడు. అటువైపు ఇరవై వేలు దాటిన జీతం మీద నెలనెలా రెండొందలు పోతాయి, ఏడాదికి 2,400. ఇటువైపు పన్ను వేసేది మున్సిపాలిటీ, పంచాయతీ లాంటి స్థానిక సంస్థ. ఆరునెలలకొకసారి, పై శ్లాబుకు 1,250. రెండుసార్లకు 2,500. రాజ్యాంగంలోని 276వ అధికరణం అంతకు మించి వసూలు చేయొద్దంది. అరవై ఆరేళ్ల కిందటి ఆ గొడవలకు ఇవాళ ఒక జీతగాడి మీద పడే వెల ఏడాదికి వంద రూపాయలు.

అయితే వంద కన్నా ఆ ఆరునెలల పద్ధతే నన్ను ఆలోచనలో పెట్టింది. మా వాడి పాత పే స్లిప్పులు వరసగా పెట్టి చూస్తే ఏడాదిలో రెండు నెలలు 1,250 తక్కువ పడింది. వాడు అది ఇన్నేళ్లూ గమనించనేలేదు. గమనించనిది అదొక్కటే కాదు. తమిళనాడులో కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి. వేసవిలో ఏసీ వేసి 500 యూనిట్లు దాటామా, కింది యూనిట్ల ధర కూడా మారిపోయి బిల్లు ఎగిరి కూర్చుంటుంది. ఇంటి పన్ను ఆరునెలలకు. స్కూలు ఫీజు టర్ముకు. బీమాలు ఏడాదికి. బండి ఇన్సూరెన్సు ఏదో ఒక నెలలో గుర్తుచేస్తుంది. ఆడికృత్తికకు కావళ్లతో చుట్టాలు తిరుత్తణికి దిగుతారు, కొండ దిగొచ్చినవాళ్లకు మా ఇళ్లలోనే భోజనాలు. ఆ వెనకే దీపావళి, ఆ వెనకే సంక్రాంతి. జీతం ఒక్కటే నెల ప్రకారం నడుస్తుంది. దాని మీద ఆధారపడ్డ ఖర్చుల్లో సగం నెలను లెక్కచేయవు.

అందుకే నెల బడ్జెట్ రాసుకునే జీతగాళ్లు ఆర్నెల్లు తిరిగేసరికి పుస్తకం మూలన పడేస్తారు. ఏప్రిల్ బడ్జెట్ బాగానే ఉంటుంది. జూన్‌లో స్కూలు తెరుస్తారు. "ఈ నెల ప్రత్యేకం" అని రాసుకుంటారు. జూలైలోనో ఆగస్టులోనో కృత్తిక, అదీ ప్రత్యేకం. అక్టోబరు, నవంబరు సరేసరి. ప్రత్యేకం కాని నెల ఏదని వెతికితే ఏడాదికి రెండో మూడో దొరుకుతాయి. చెరకు పెట్టినవాడు ఈ పొరపాటు చేయడు. వాడికి డబ్బు ఒక్కసారి వస్తుంది కాబట్టి, రాగానే ఎరువుల అప్పు, పిల్లల చదువు, పెళ్లికి పెట్టాల్సిన కట్నాలు, తర్వాతి నాటుకు కావలసింది తీసి పక్కన పెట్టి, మిగిలిన దాన్ని ఏడాదికి పరుచుకుంటాడు. పెద్ద జీతగాడి ఇబ్బంది డబ్బు తక్కువై కాదని నా అభిప్రాయం. నెలనెలా ఒకే మొత్తం పడుతూ ఉండేసరికి నెలలన్నీ ఒకటేనన్న భ్రమలో పడతాడు.

మా వాడి చేత ఏడాది ఖర్చుల పట్టీ రాయించాను. ఇద్దరు పిల్లల ఫీజులు లక్షా ఇరవై వేలు. కరెంటు ఆరు బిల్లులు కలిపి ఇరవై నాలుగు వేలు. ఇంటిల్లిపాదికీ, తల్లిదండ్రులకూ ఆరోగ్య బీమా అరవై వేలు (2025 సెప్టెంబరు 22 నుంచి దీని మీద జీఎస్టీ ఎత్తేశారు, లేకుంటే ఇంకా ఎక్కువయ్యేది). టర్మ్ ఇన్సూరెన్సు ఇరవై. కారు, బండి సర్వీసు, బీమా ముప్ఫై అయిదు. ఇంటి పన్ను ఆరు, వృత్తి పన్ను రెండున్నర. పండగలు అరవై. పెళ్లిళ్లు, గృహప్రవేశాలకు పెట్టుపోతలు నలభై. ఈ చివరి అంకె దగ్గర వాడు పదిహేనన్నాడు, వాళ్లావిడ వంటింట్లోంచే నలభై అంది. ఆవిడదే రాశాం. మొత్తం 3,67,500. నెలకు పంచితే ముప్ఫై వేల ఆరొందల పైన.

ఇక ఇంటి లోను. యాభై లక్షలు, ఎనిమిది శాతం, ఇరవై ఏళ్లు, కంతు 41,800 పైన. లక్షా అయిదు వేల చిల్లరలోంచి కంతు తీశాం, ఏడాది ఖర్చుల వాటా తీశాం. బియ్యం, పాలు, కూరగాయలు, పెట్రోలు, సీజన్ టికెట్టు, ఫోన్లు, పనిమనిషి జీతం, మా అక్కకూ బావకూ పంపేది, సినిమా, హోటలు అన్నిటికీ కలిపి మిగిలింది ముప్ఫైమూడు వేలు. పద్దెనిమిది లక్షల మనిషి నెలంతా నిజంగా మెలిగేది ఈ ముప్ఫైమూడు వేల మీద.

ఆ అంకె చూడగానే వాడి కన్ను పీఎఫ్ మీద పడింది. కొత్త కంపెనీలో ఒక వెసులుబాటు ఉందట. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కాకుండా చట్టం పెట్టిన 15,000 పరిమితి మీద మాత్రమే కోయించుకోవచ్చు, అంటే నెలకు 1,800. కంపెనీ వాటాలో మిగిలినదీ జీతంలో కలిసి చేతికొస్తుంది. "పద్నాలుగు వేల పైన కలిసొస్తాది మామా, పన్ను పోయినా పన్నెండు ఎక్కడికీ పోదు." వాడి లెక్క సరైనదే. నా లెక్కా ఒకటి చెప్పాను. ఇద్దరి వాటా పద్దెనిమిది వేలు, ఇప్పుడున్న 8.25 శాతం వడ్డీ అలాగే ఉంటే పదేళ్లకు ముప్ఫై లక్షలు దాటుతుంది. ఆ పన్నెండు వేలు చేతికొస్తే పదేళ్ల తర్వాత ఎక్కడుంటాయో వాణ్నే చెప్పమన్నాను. వాడి పట్టీ అంతా వెతికినా పొదుపు అన్న మాట ఎక్కడా లేదు. కళ్లబడకుండా పోయిన డబ్బొక్కటే వాడికి దాపుడు. మిగిలినదంతా వచ్చేలోగానే ఎవరో ఒకరికి మాట ఇచ్చేసి ఉంది.

తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయినప్పుడు జీతం నెలకు పదివేలు. అందులో రెండున్నర వేలే తీసుకునేవారని మా వైపు గొప్పగా చెప్పుకుంటారు. మా వాడికీ చెప్పాను. "ఆయనకు ఇంటి కంతు లేదు మామా" అన్నాడు. నిజమే, కరెంటు బిల్లూ లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకున్నాడు. ఒకటో తారీఖున ముప్ఫై వేల ఆరొందలు దానంతటదే వేరే ఖాతాకు పోయేలా బ్యాంకులో పెట్టుకున్నాడు. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోలేదు, అది వాళ్లావిడ షరతు. వేరియబుల్ పే లెక్కలోనే లేదు. పూర్తిగా వస్తే పన్ను పోను లక్షన్నర దాకా రావచ్చు, వచ్చినప్పుడు చూద్దామనుకున్నాం. చెన్నై పెరిఫెరల్ రింగ్ రోడ్డు పక్కన ప్లాట్లున్నాయని వారానికొకడు ఫోన్ చేస్తున్నాడు. వాడికి ఈ లక్షన్నర సంగతి ఎలా తెలిసిందో.

చిక్కంతా ఆఫర్ లెటర్ వచ్చిన సాయంత్రమే పద్దెనిమిది లక్షలన్న అంకె చుట్టాలందరికీ చేరిపోవడంలో ఉంది. వాళ్లకు అందింది సీటీసీ. పే స్లిప్ ఎవరికీ పంపలేదు కదా. గుడి కమిటీవాళ్లు వచ్చి పోయారు. వాడి బావమరిది నెలకు పాతికవేల చీటీ మొదలెడుతున్నాడు, ఇరవైమందిలో ఒకడిగా కలవమని ఫోన్ చేశాడు. "ఏం చెప్పాల మామా?" అని వీడు నన్నడిగాడు. నెలకు చేతిలో ఆడేది ముప్ఫైమూడు వేలని ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. చెప్పాడట. బావమరిది నమ్మలేదు. పెద్ద జీతం రాగానే మనిషి దాచడం నేర్చాడని ఇప్పుడు అత్తగారింట్లో అనుకుంటున్నారు.