వేపాకుల బాకీ

మా పక్కింటి సాయిబుగారికీ నాకూ రెండేళ్ళపాటు మాటల్లేవు. కారణం చెబితే మీరు నవ్వుతారు. వారి పెరట్లోని వేపచెట్టు ఆకులు మా వాకిట్లో రాలేవి. ఒకనాడు గోడ దగ్గర నిలబడి నేను నాలుగు మాటలు గట్టిగా అన్నాను. వారూ రెండన్నారు. అంతే!

మాటల్లేకపోయినా వారి దినచర్య నాకు కంఠతా వచ్చు. తెల్లవారుజామున ఫజర్, మధ్యాహ్నం జుహర్, పొద్దు వాలాక అసర్, సూర్యుడస్తమించగానే మగ్రిబ్, రాత్రి ఇషా - రోజుకి 5 నమాజులు. ముందుగా చేతులూ, నోరూ, ముఖమూ, కాళ్ళూ కడుక్కునే వజూ. రంజాన్ వచ్చిందంటే సహరీకి వారింట్లో చీకటితోనే దీపం వెలిగేది. మనకున్నట్టు వారికి అధికమాసం లేదు. అందుకే రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకి జరుగుతూ అన్ని ఋతువుల్నీ చుట్టివస్తుంది. నడివేసవిలో వచ్చినా పగలల్లా మంచినీళ్ళు సైతం ముట్టరు.

ఉపవాసమంటే దగ్గరగా వసించడమని కాలేజీలో పిల్లలకి వ్యుత్పత్తి చెబుతూనే ఉన్నాను. గోడకి ఇవతల వసిస్తున్న నాకు మాత్రం అది తలకెక్కలేదు.

ఒక సాయంత్రం సాయిబుగారే మా గుమ్మంలోకి వచ్చారు.

"మేష్టారూ, మా ఇంటావిడా నేనూ హజ్‌కి వెళుతున్నాం. ఆనాడు మిమ్మల్ని మాటన్నాను. మాఫ్ చెయ్యండి" అన్నారు.

నేను తెల్లబోయాను. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాను. వారే చెప్పారు: "దేవుడొక్కడేనని, ముహమ్మద్ ఆయన ప్రవక్తని సాక్ష్యమివ్వడం మొదటిది. తరవాత నమాజు, రోజా. ఏడాదిపాటు నిలవున్న సొమ్ము ఒక హద్దు దాటితే అందులో 40వ వంతు జకాత్‌గా పేదలకివ్వాలి. జకాత్ అంటే శుద్ధి అనే అర్థముంది. శక్తి ఉన్నవాడికి జన్మకొకసారి హజ్. ఇవన్నీ దేవుడి బాకీలు. లోటుంటే ఆయన క్షమిస్తాడు. మనిషికి పడ్డ బాకీ మాత్రం ఆ మనిషే వదలాలి."

"అయ్యో, దానికేముందండీ" అన్నాను, ఏదో వరమిచ్చినవాడిలా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారన్నవి రెండు మాటలు, నేనన్నవి నాలుగు. మొదలుపెట్టినవాణ్ణీ నేనే! తెల్లవారుజామున వారింట దీపం కనిపించింది. నమాజు అయ్యేదాకా అరుగుమీద కూర్చున్నాను. వారు బయటికి రాగానే, "సాయిబుగారూ, బాకీ నాది. మీరే మాఫ్ చెయ్యాలి" అన్నాను. వారు మాట్లాడలేదు. నన్ను కౌగిలించుకున్నారు.

వెళుతూ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టారు. వారు తిరిగి వచ్చి, జమ్‌జమ్ నీళ్ళూ ఖర్జూరాలూ మా ఇంటికి తెచ్చేదాకా వారి వాకిలి కూడా నేనే ఊడ్చాను. వేపచెట్టు అటూ ఇటూ సమానంగానే ఆకులు రాలుస్తోందని అప్పుడు గమనించాను.