కొనేవాడి చూపు

చుట్టాలు ఇంటికొస్తే మన ముఖం చూస్తారు. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు సీలింగు మూలలు చూస్తారు, సింకు కిందికి వంగుతారు, తలుపు తీసి దాని వెనక ఏముందో చూస్తారు. చుట్టాల కోసమైతే సోఫా కవర్లు మారుస్తాం, టీపాయ్ మీద కొత్త గుడ్డ పరుస్తాం. కొనేవాడికి ఆ రెండూ అక్కర్లేదు. మన సోఫా మనతోనే పోతుందని అతనికి తెలుసు. చేతిలో డబ్బు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

నల్లకుంటలో మా పిన్ని తన పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అమ్మకానికి పెట్టినప్పుడు డాలస్ నుంచి కూతురు వీడియో కాల్‌లో సలహాలిచ్చింది. అక్కడ అమ్మే ఇంటిని ముస్తాబు చేయడమే ఒక వృత్తి. సోఫాలు, పటాలు అద్దెకు తెచ్చి అమరుస్తారు. ఇంటివాళ్ల ఫొటోలు, పూజాసామగ్రి కనపడకుండా తీసేస్తారు, వచ్చినవాళ్లు అక్కడ తమ కాపురాన్ని ఊహించుకోవాలని. కొందరైతే ఇల్లు కమ్మగా ఉండాలని ఓవెన్‌లో బిస్కెట్లు కాలుస్తారట.

"అమ్మా, ముందు ఆ దేవుడి పటాలు దించెయ్" అంది కూతురు.

"దించేస్తే ఈ ఇంట్లో పూజ ఎక్కడ చేసుకోవాలో వాళ్లకెలా తెలుస్తుందే?" అంది పిన్ని.

పిన్ని లెక్క సరైనదే. వాస్తు చూసుకోకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్లు మన దగ్గర తక్కువ. ఈశాన్యం మూల దీపం వెలుగుతుంటే ఇక దిక్కులు వివరించే పని ఉండదు. కూతురి మాట గోడ మీది ఫొటోల విషయంలో మాత్రం చెల్లింది. వాటి మేకుల కంతల్లో వైట్ సిమెంట్ పెట్టించాం.

డబ్బు పెట్టే పనుల కంటే ముందు డబ్బొచ్చే పని ఒకటుంది. అటక మీది అట్టపెట్టెలు, బాల్కనీలో పాడైన కూలరు, మంచం కింది పాత పేపర్లు పాత సామాన్లవాడికి వేసేసరికి హాలు వెడల్పయింది. కిటికీ జాలీలకు బ్రష్ కొట్టాక పగలు లైటు వేసే పని తప్పింది. ఒక గదిలో తెల్లగా, ఒక గదిలో పచ్చగా వెలిగే బల్బులు తీసేసి అన్నీ ఒకే రంగు ఎల్‌ఈడీలు పెట్టాం. బోరు నీళ్లకు కొళాయిల చుట్టూ కట్టిన తెల్లటి గార మీద వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి కాసేపు వదిలేస్తే మెత్తబడి ఊడొచ్చింది. వెనిగర్ మార్బుల్ మీద పడితే మచ్చ పడుతుంది కాబట్టి కింద పాత టవలు పరిచాం. కిర్రుమనే బందులకు నూనె చుక్కలు వేశాం. రంగు ఇల్లంతా వేయించలేదు. వచ్చినవాళ్లు ముందు చూసే వీధి తలుపుకీ, హాలుకీ వేయిస్తే సరిపోయింది.

అసలు చిక్కు బాత్‌రూమ్‌కి ఆనుకున్న పడగ్గది గోడతో వచ్చింది. కింద జానెడు ఎత్తున చెమ్మ, పెచ్చులు. "పుట్టీ పెట్టి రెండు కోటింగులు వేస్తానమ్మా, రిజిస్ట్రేషన్ దాకా గ్యారంటీ" అన్నాడు పెయింటరు, ఏమాత్రం సంకోచం లేకుండా. అది చవకే. కానీ తడి గోడ మీద వేసిన రంగు బుడగలెత్తడానికి రిజిస్ట్రేషన్ తేదీతో పనిలేదు. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. పిన్ని చట్టం దాకా పోలేదు. "రేపు ఆ గదిలో పసిపిల్లని పడుకోబెడతారేమోరా" అంది. ప్లంబరు బాత్‌రూమ్ టైల్స్ సందులు గీకి మళ్లీ నింపాడు, కారే జాయింటు మార్చాడు. గోడ పూర్తిగా ఆరేదాకా ఆగి అప్పుడు రంగు వేయించాం. మొత్తం ఖర్చులో పెద్ద వాటా దీనిదే. చూడ్డానికి మాత్రం అది మామూలు గోడే.

ఇక పెద్దగా ఖర్చులేని అలంకారం ఒక ఫైలు. లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ, ఆస్తిపన్ను రసీదులు, కరెంటు బిల్లు, అసోసియేషన్‌కి బాకీ లేదన్న కాగితం వరసగా పెట్టి టీపాయ్ మీద ఉంచాం. పూలకుండీ పెట్టాల్సిన చోట ఫైలేమిటని కూతురు నవ్వింది.

వచ్చిన దంపతుల్లో ఆవిడ నేరుగా వంటింట్లోకెళ్లి కొళాయి తిప్పింది. "మంజీరా నీళ్లా, బోరా?" అని అడిగింది. వాళ్ల మామగారు ఫోన్‌లో దిక్సూచి తెరిచి గదులు తిరిగారు. ఆవిడ భర్త ఫైలు తీసి, డాక్యుమెంట్లో భూమి వాటా ఎన్ని గజాలో చూసి, ఆ పడగ్గది గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇక్కడ చెమ్మ ఉండేదాండీ?"

"ఉండేది బాబూ. బాగుచేయించాను. బిల్లు ఆ ఫైల్లోనే ఉంది" అంది పిన్ని.

ఆ తర్వాత వాళ్లు సింకు కిందికి వంగలేదు. ధర తగ్గించమని అడిగారు, పిన్ని కొంత తగ్గింది. ఎంత ముస్తాబు చేసినా మన దగ్గర బేరం తప్పదు. కానీ ఆ బేరం డబ్బు మీద జరిగింది, అనుమానం మీద కాదు. డబ్బు మీద బేరం ఎక్కడో ఒకచోట తెగుతుంది. అనుమానం మీద మొదలైతే ఎంత తగ్గించినా ఇంకా ఏదో దాచారనే అనిపిస్తుంది.