నీళ్లలో అంటుకునే బంక

పిల్లలూ! తుమ్మబంకతో కాగితాలు అతికించడం మీకు తెలిసిన పనే. కాని తడి పలక మీద ఆ బంకతో కాగితం అతికించి చూడండి, నిలవదు. పలకకూ బంకకూ మధ్య నీటిపొర అడ్డు వస్తుంది. పైగా తుమ్మబంక నీళ్లలో కరిగిపోతుంది కూడాను. "ముందు తుడవండి, తరువాత అతికించండి" అని నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో!

మరి తుడవడానికి వీలు లేని చోట ఏం చేయాలి?

నేను చిత్తూరు జిల్లాలో ప్రధానోపాధ్యాయుడుగా ఉండగా, ఒకసారి పిల్లలను సూళ్లూరుపేట దగ్గరి పులికాటు సరస్సుకు తీసుకుపోయాను. అప్పుడది నెల్లూరు జిల్లా. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నది. అక్కడ ఒక జాలరి పడవను గట్టున బోర్లించి, అడుగున అంటుకున్న తెల్లని గుల్లలను కత్తితో గీకుతున్నాడు.

"వీటిని గీకకపోతే పడవ ముందుకు సాగదు సామీ!" అన్నాడు.

"నీళ్లలో ఇవి ఏ బంకతో అతుక్కున్నాయి సార్?" అని అడిగాడు మా పిల్లవాడొకడు.

మంచి ప్రశ్న! ఆ గుల్లలో ఉండేది బార్నకిల్ అనే జంతువు. రొయ్యలకూ, పీతలకూ చుట్టమే. పిల్లగా ఉన్నప్పుడు నీళ్లలో ఈదుతూ తిరుగుతుంది. అనువైన చోటు దొరకగానే తల ఆనించి అతుక్కుంటుంది. ఇక జన్మంతా అదే దాని ఇల్లు. అతుక్కునేటప్పుడు అది మొదట నూనెవంటి జిడ్డును వదులుతుంది. తలంటు నాడు నూనె రాసిన తల మీద నీళ్లు జారిపోవడం మీరెరుగుదురు గదా! అలాగే ఆ జిడ్డు నీటిని పక్కకు నెడుతుంది. ఆ తరువాతనే మాంసకృత్తులతో తయారైన బంక వచ్చి గట్టిపడుతుంది. అనగా, బార్నకిల్ కూడా ముందు తుడిచి, తరువాతే అతికిస్తున్నదన్నమాట!

వైద్యులకూ ఇటువంటి చిక్కే ఉన్నది. లోతైన గాయంలో రక్తం తుడిచేకొద్దీ ఊరుతూనే ఉంటుంది. ఆపడం ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. 2021లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు బార్నకిల్‌ను చూసి ఒక లేపనం చేశారు. సిలికాన్ నూనెలో అంటుకునే పొడిని కలిపారు. గాయం మీద పెట్టి అదిమితే నూనె రక్తాన్ని తోసివేస్తుంది. పొడిరేణువులు కండను పట్టుకుని గాయాన్ని మూసివేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా మందు ఇచ్చిన పందుల కాలేయాల మీద పరీక్షించినప్పుడు కూడా రక్తం అరనిమిషంలోగా ఆగింది.

జాలరికి విసుగు పుట్టించే గుల్ల వైద్యుడికి ఉపాయం నేర్పింది, చూశారా! ఈసారి సముద్రతీరానికి పోతే, రాళ్లకు అంటుకున్న గుల్లల కోసం వెతకండి. వేళ్లు మాత్రం జాగ్రత్త, వాటి అంచులు పదునుగా ఉంటాయి.