తింటే చాలదు, దిగాలి

"తింటూనే ఉన్నానండీ, ఒంటికి పట్టట్లేదు" అనే మాట ఓపీలో తరచూ వినిపిస్తుంది. తరచి చూస్తే చాలామందికి తిండే చాలదు, లేదంటే షుగరో థైరాయిడో బయటపడుతుంది. ఒకావిడ విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం.

రోజూ గుడ్డు, వారం వారం కోడికూర తినే మనిషే. అయినా పాలిపోయి ఉంది, నాలుక నున్నబడింది. ఊళ్ళో ఎవరో ఇచ్చిన రక్తం బిళ్ళలు, అంటే ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసినవి, వాడాక ముఖం కాస్త తేరుకుందట. కాళ్ళ తిమ్మిర్లు మాత్రం పెరిగాయి. "చెప్పు జారిపోయినా తెలీట్లేదు డాక్టరు గారూ" అంది. ట్యూనింగ్ ఫోర్కు మోగించి చీలమండ ఎముక మీద ఆనించాను. అదురు తెలియలేదు. మోకాలి దగ్గర పెడితే "ఆఁ, ఇక్కడ జుమ్మంటోంది" అంది. పొట్ట చూస్తే నిలువునా పాత కుట్ల మచ్చ. కొన్నేళ్ళ కిందట పేగుకి క్షయ సోకి, చిన్నపేగు చివరి భాగం తీసేశారట.

బీ12 దిగేది సరిగ్గా అక్కడే. జీర్ణాశయంలో ఊరే ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకోవాలి. ఆ జంట చిన్నపేగు చివరికి చేరితేనే అక్కడి కణాలు లోపలికి తీసుకుంటాయి. 1920ల చివర బోస్టన్‌లో విలియం కాజిల్ అనే వైద్యుడు జీర్ణాశయం పాత్రని తేల్చిన తీరు వింటే ఇప్పటి ఎథిక్స్ కమిటీలు హడలిపోతాయి. తాను గొడ్డుమాంసం తిని, కాసేపాగి బయటికి తీసి, దాన్ని గొట్టం ద్వారా రోగుల కడుపులోకి పంపాడు. వట్టి మాంసం పెడితే పుట్టని కొత్త ఎర్రకణాలు అప్పుడు పుట్టాయి.

మనకి రోజుకి కావలసిన బీ12 రెండు మైక్రోగ్రాముల చిల్లర. కాలేయంలో ఉండే నిల్వ రెండు మూడు మిల్లీగ్రాములు. అందుకే దారి మూసుకుపోయినా జబ్బు బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఆపరేషన్ సంగతి రోగే మరిచిపోతాడు.

ఇక ఆ బిళ్ళలు. ఫోలిక్ యాసిడ్‌ని 1945లో లెడర్లీ సంస్థలో తయారుచేసింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే. తిన్నది పేగులో దిగనివ్వని స్ప్రూ జబ్బు ఆయన ఇంట్లో ప్రాణం తీసింది, ఆయన్నీ వదల్లేదు. స్ప్రూలో రక్తహీనతకి ఫోలిక్ యాసిడ్ గొప్ప మందు. బీ12 లోటులోనూ అది రక్తాన్ని కొంత నిలబెడుతుంది గానీ నరాల పైపొరని కాపాడలేదు. రక్తం బాగుపడటం చూసి అందరూ నిశ్చింతగా ఉంటే, కాళ్ళు లోలోపల చెడిపోతుంటాయి. బీ12ని విడదీసింది 1948లో, సుబ్బారావు గారు పోయిన ఏడాదే.

ఆవిడకి బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టిన వారానికే కొత్త ఎర్రకణాలు పెరిగాయి. తిమ్మిరి నెలల మీద పాదాల దాకా దిగి అక్కడే ఆగింది. నెలనెలా సూది తప్పదని చెబితే, "మరి గుడ్డు మానేయనా? ఎలాగూ పట్టదుగా!" అంది. మానొద్దన్నాను. గుడ్డులోని ప్రొటీన్ చాలావరకు పైపేగులోనే దిగుతుంది, అది ఆవిడకి నిక్షేపంలా ఉంది.